గడప మట్టం

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆఫీసులో అందరూ కుర్చీలకు అతుక్కుని పని చేస్తుంటే నేను కాసేపు కూర్చుని, లేచి కిటికీ దాకా పోయి, నీళ్లు తాగి, మళ్లీ వచ్చి మౌస్ పట్టుకుంటాను. మా సార్ నాకు పెట్టిన పేరు 'కాలు కాలిన పిల్లి'. పేరు పెట్టినందుకు కాదు గానీ, కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నన్ను ఆ పేరుతోనే పరిచయం చేస్తాడు, అదీ నా మంట.

మాది తిరుపతిలో రోడ్లకు డిజైన్లు చేసే చిన్న ఆఫీసు. ఏం పని చేస్తావని చుట్టాలు అడిగితే "కంప్యూటర్లో రోడ్డు వేస్తాను" అని చెప్పేదాన్ని. "కంప్యూటర్లో ఏస్తే దాని మింద బస్సు ఎట్ల పోతాదిమే?" అని మా అత్త ఒక పెళ్లిలో అందరి ముందూ అడిగి నవ్వించింది. అత్త అంటే మా నాయన చెల్లెలు. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు పోయే ఒక రోడ్డు మీద ఆమె ఊరు. రోడ్డు వారనే ఇల్లు, ఇంటి ముందర గదిలోనే టిఫిన్ కొట్టు. ఆమె చేసే చెనిక్కాయల చట్నీ కోసం పాల వ్యాన్ల వాళ్లు బండి ఆపుకుని మరీ తినిపోతారు.

ఆ కొట్టులోకి పోవాలంటే రోడ్డు మీద నుంచి కిందికి దిగాలి. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు ఆ గడప ఎక్కలేక ఏడ్చేదాన్నని నాయన చెబుతాడు. నాకది గుర్తు లేదు. నాకు జ్ఞానం వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లోకి దిగడమే. రోడ్డు పాడైనప్పుడల్లా పాత తారును గీకకుండా దాని మీదే కొత్త తారు పోసి పోయారు. రోడ్డు లేచింది, ఇళ్లు మునిగాయి. ఒకసారి అత్త ఇంటి నేలంతా ఎత్తించి, గడపను కూడా లేపి పెట్టించింది. వాకిలి పైన అడ్డంగా ఉన్న మాను మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. అప్పటి నుంచి లోపలికి పోయేవాళ్లు కాలు కిందికి వేయాలి, తల కూడా వంచాలి. ఆ తర్వాత మళ్లీ తారు పోశారు. పెద్ద వాన వస్తే రోడ్డు మీది నీళ్లన్నీ తిన్నగా ఆమె పొయ్యి దగ్గరికే వస్తాయి. రుబ్బిన పిండిలో వాన నీళ్లు కలిసిపోతే అత్త వాకిట్లో నిలబడి ఆ రోడ్డు వేసినవాళ్ల ఏడు తరాలనూ తిట్టేది.

ఆ రోడ్డును వెడల్పు చేసి, రెండు వైపులా కాలవ కట్టే పనికి డిజైన్ మా ఆఫీసుకు వచ్చింది. ఆ పని నా కంప్యూటర్ మీద పడింది. ఈ సంగతి నాయన నోట్లో ఆగుతుందా! సాయంత్రానికల్లా అత్త ఫోను.

"ఏమ్మే, మా రోడ్డు నువ్వే ఏస్తా ఉండావంట?"

"వేయడం కాదత్తా, గీయడం."

"ఏదో ఒకటిలే. విను. ఇంకొక్క తూరి ఆ రోడ్డు ఎత్తినారంటే నేను కొట్టు మూసేస్తా. గడప ఇంక లేపేదానికి లేదు. లేపితే పాక్కుంటా పోవల్ల లోపలికి. ఇన్నేండ్లూ ఎవురో ఎత్తిరి, తిట్టుకుంటిని. ఈ తూరి నువ్వు ఎత్తితే ఎవుర్ని తిట్టుకునేది చెప్పు?"

నేను నవ్వాను గానీ ఫోను పెట్టేశాక నవ్వు రాలేదు. ఆ కొట్టు ఆమెకు కూడు పెట్టేది మాత్రమే కాదు. తెల్లారితే నలుగురు వచ్చి ఆమె చేతి ఇడ్లీ తిని బాగుందనో, ఉప్పెక్కువైందనో అనాలి. అది లేకపోతే ఆమె మనిషి కాదు. మా నాయన వైపు వాళ్లంతా ఇంతే, చేతిలో పని లేకపోతే ఇంట్లో వాళ్లను పీక్కుతింటారు. నాకు వచ్చింది కూడా ఆ రక్తమే.

ఇక్కడ నా పని గురించి కాస్త చెప్పాలి. రోడ్డు నడిమధ్యన ఒక గీత గీస్తాం. ఆ గీత ఎక్కడ ఎంత ఎత్తులో పోవాలో చెబుతాం. రోడ్డును అడ్డంగా కోస్తే ఎలా కనబడాలో ఒక ముక్క తయారు చేస్తాం: ఇంత వెడల్పు తారు, ఇంత అంచు, పక్కన కాలవ. ఇక ఆ ముక్కను గీత పొడవునా సాఫ్ట్‌వేర్ మురుకులు ఒత్తినట్టు ఒత్తుకుంటూ పోతుంది. బయళ్లలో, తోటల మధ్యన ఇది చాలు. ఊళ్లలోకి వచ్చేసరికి చాలదు. నడుమ నుంచి అంచు దాకా ఒకే వాలు వేసుకుంటూ పోతే ఒక ఇంటి ముందు గుంత, ఇంకో ఇంటి ముందు గోడ. అందుకని రోడ్డు అంచుకు ఒక గురి చూపించాలి. 'నీ ఇష్టం వచ్చినట్టు వాలొద్దు, ఇదిగో ఈ గీత ఎంత ఎత్తులో పోతే అంత ఎత్తులోనే నువ్వూ పో' అని చెప్పాలి. దానికి ఎలివేషన్ టార్గెట్ అని పేరు. ఎడమ అంచుకు ఒకటి, కుడి అంచుకు ఒకటి ఇవ్వొచ్చు. ఇస్తే అంచు ఆ గీతను పట్టుకుని, అమ్మ కొంగు పట్టుకున్న పిల్లలా నడుస్తుంది.

నేను ఇచ్చిన గురి గడపలు. సర్వే చేసినవాళ్లు ప్రతి ఇంటి గడప ఎత్తూ కొలిచి పంపారు. ఆ చుక్కలన్నీ కలిపి, కుదుపులు లేకుండా నున్నగా చేసి, జానెడు కిందికి దించి ఒక గీత తయారు చేశాను. ఏ గడప కూడా రోడ్డు కంటే పల్లంలో ఉండకూడదు, అంతే నా లెక్క. టార్గెట్ పెట్టి, మోడల్ మళ్లీ కట్టమని మీట నొక్కాను. గీతలు కదిలాయి, అంచు సర్దుకుంది. అత్త ఇంటి ముందు రోడ్డును అడ్డంగా కోసి చూశాను. కొత్త తారు పోసినా ఆమె గడప జానెడు పైనే ఉంది. పాత తారును పెద్దగా తవ్వే పని కూడా లేదు.

ఇంక ఆగుతానా! వెంటనే ఫోను చేశాను.

"అత్తా, నీ గడప జానెడు పైన ఉంటుంది. భయపడొద్దు."

అవతల దోశ పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు వినబడింది.

"రోడ్డును అంత కిందికి తవ్వుతారా అయితే?"

"తవ్వరు. పైనే వేస్తారు."

"పైన ఏస్తే గడప పైకెట్ల వస్తాదిమే? ఇప్పుడే కదా పల్లంలో ఉండేది?"

"కంప్యూటర్లో ఉంది కదా అత్తా!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. "సరేలే, నీకంటే నాకు ఎక్కువ తెలుసునా" అని ఆమె ఫోను పెట్టేసింది. అది ఒప్పుకోలు కాదు, వెక్కిరింత.

కుర్చీలోంచి లేచాను. కిటికీ దాకా పోయాను. వచ్చాను. మళ్లీ అదే చోట రోడ్డును కోసి చూశాను. ఇప్పుడున్న రోడ్డు కూడా ఆమె గడప కంటే కిందనే ఉంది తెర మీద. కిందనా? మరి నేను ఆ ఇంట్లోకి పోయేటప్పుడు కాలు కిందికి ఎందుకు వేస్తాను? బడికి సెలవులిస్తే అక్కడే ఉండేదాన్ని. పరికిణీ పైకి పట్టుకుని ఆ పల్లంలోకి దిగడం నా కాలికి తెలుసు. కళ్లు మూసుకున్నా నా కాలు అక్కడ కిందికే పోతుంది. తెర ఒకటి చెబుతోంది, కాలు ఒకటి చెబుతోంది. రెండింట్లో ఒకటి అబద్ధం.

"ఏం, మళ్లీ కాలు కాలిందా?" అన్నాడు సార్, లోపలి గదిలోంచి.

"ఒకసారి ఊరికి పోయొస్తాను సార్."

"డిజైన్ సోమవారం పంపల్ల. గుర్తుండాదా?"

గుర్తుంది అని చెప్పి బండి తాళం తీసుకున్నాను.

దారి పొడవునా నా బుర్రలో ఒకటే గోల. సర్వే యంత్రం తప్పు చెప్పిందా? నేను చుక్కలు కలిపేటప్పుడు ఏదైనా తిరగేశానా? ముందర పోయే ట్రాక్టరు దారి ఇవ్వకపోతే హారన్ మీద చెయ్యి తీయకుండా నొక్కాను. ఆ డ్రైవరు తల తిప్పి "ఏందక్కా, కొంపేమైనా కాలిపోతా ఉండాదా?" అని అడిగాడు. మునిగిపోతా ఉంది అని చెప్పాలనిపించింది.

కొట్టు దగ్గర బండి ఆపి, దిగి, లోపలికి పోయాను. కాలు కిందికే పోయింది. తల వంచాను. అంటే గడప పల్లంలోనే ఉంది. నా కాలే నిజం.

అత్త రెండు ఇడ్లీలు ప్లేట్లో పెట్టి, చట్నీ పోసి, "తిను ముందు" అంది. బయటికి తెచ్చుకుని తిన్నె మీద కూర్చున్నాను. వాకిలికి పక్కనే గోడను ఆనుకుని ఉండే బండ తిన్నె అది. టిఫిన్ తినేవాళ్లంతా కూర్చునేది దాని మీదే. కూర్చుని కాళ్లు వేలాడేసుకుంటే పాదాలు రోడ్డుకు కొంచెం పైన ఊగుతున్నాయి. తిన్నె రోడ్డు కంటే ఎత్తు. గడప రోడ్డు కంటే పల్లం. ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను.

సర్వేలో కోల పట్టుకున్న మనిషికి ఫోను చేశాను. యంత్రం ఒకచోట నిలబెట్టి ఒకాయన చూస్తుంటే, పైన అద్దం, కింద ఇనుప మొన ఉన్న పొడవాటి కోలను కొలవాల్సిన చోటల్లా ఆనించి నిలబెట్టడం ఈయన పని. చిత్తూరు పక్కన ఏదో ఊరు ఆయనది, నడివయసు మనిషి.

"అన్నా, గడపలు కొలిచినప్పుడు కోల యాడ పెట్టినావు?"

"గడప కాడనే పెట్టినానమ్మా."

"గడప మీదనా, గడప దగ్గరా?"

"మీద ఎట్ల పెడతారమ్మా?" ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం. "పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టుంటారు. లక్ష్మి కదా! దాని మింద ఇనుము గుచ్చితే ఆ ఇంటోళ్లు ఊరుకుంటారా? వాళ్లు ఊరుకున్నా మనం ఆ పని చేయకూడదు. పక్కనే తిన్నె ఉండాది కదా, దాని మింద పెట్టినా. నీట్‌గా సమంగా ఉండాది కూడా."

"అన్ని ఇళ్లకూ అట్లనే పెట్టినావా?"

"అన్నిటికీ. తిన్నె లేని చోట మెట్టు మింద, మెట్టు లేకుంటే బట్టలుతికే బండ మింద. గడపను మాత్రం యాడా తొక్కలేదమ్మా. ఒట్టు."

ఒట్టు కూడా వేశాడు మహానుభావుడు! నాకు అరవాలో నవ్వాలో తెలియలేదు. తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఏమని తిట్టను? నేనైతే పెట్టేదాన్నా? గడప మీద కూర్చోకూడదు, గడప మీద నిలబడి తుమ్మకూడదు, గడపకు అటూ ఇటూ నిలబడి చేతికి చెయ్యి ఏదీ ఇవ్వకూడదు అని విని పెరిగినదాన్నే. నేను కూడా తిన్నె మీదే పెట్టి ఉంటాను. పెట్టి, గడప అని రాసుకుని, హాయిగా ఇంటికి పోయి ఉంటాను.

నవ్వు అక్కడితో అయిపోయింది. నేను అంచుకు చూపించిన గురి గడపలు కాదు, తిన్నెలు. రోడ్డంతా తిన్నెల కింద పోతోంది, అంటే గడపల మీద పోతోంది. పాత తారు మీదే కొత్త తారు. ఈ ఊళ్లోనే కాదు, ఆ రోడ్డు మీద ఉన్న ప్రతి ఊళ్లోనూ. కోల పట్టిన చెయ్యి ఒకటే కదా! అత్త పొయ్యి లాంటి పొయ్యిలు ఇంకెన్నో. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టయింది నా పని.

"ఏందిమే, మొగం అట్ల పెట్టినావు? చట్నీ చెడిపోయిందా?" అని అత్త వాకిట్లోంచి తొంగి చూసింది.

"చట్నీ బాగుంది. నా రోడ్డే చెడింది" అన్నాను.

విషయం చెప్పాను. ఆమె విని, కోల పట్టిన ఆయన మీద కోప్పడుతుందనుకున్నాను. "బుద్ధిమంతుడు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"బుద్ధిమంతుడా! ఆయన బుద్ధికి నీ కొట్టు మూతపడుతుంది అత్తా!"

"మూతపడకుండా నువ్వు సూడు. సదువుకున్నావు కదా" అంది, పెనం మీద దోశ తిప్పుతూ.

మరుసటి రోజు సార్ గదిలో చిన్న యుద్ధమే జరిగింది. ఆయన మంచివాడే. కాకపోతే సోమవారం అనే మాట తప్ప ఇంకేమీ ఆయన చెవికి ఎక్కని వారం అది.

"అన్నీ తిన్నెల మింద కొలిచినారు, అంతే కదా? అన్నింట్లోంచి మోకాలెత్తు తీసేయ్. అయిపోయింది" అన్నాడు.

"ఒక్కో ఇంటి తిన్నె ఒక్కో ఎత్తు సార్. కొన్ని మెట్లు. కొన్ని ఉతుకుడు బండలు. ఏది ఏదో ఎవరికి తెలుసు?"

"టార్గెట్ తీసేసి, మామూలు వాలే పెట్టి పంపేద్దాం. పనిచ్చిన పైవాళ్లు అడిగినారా మనల్ని గడపలు చూడమని?"

"తీసేస్తే ఇంకా ఘోరం. రోడ్డు ఇంకా పైకి పోతుంది. ఇళ్లన్నీ గుంతల్లో పడతాయి."

"మీ అత్త ఇల్లుందని కదా నీ తపన?"

"అవును, ఉంది! మా అత్త ఇల్లు లేకపోతే మనకీ తప్పు తెలిసేదే కాదు. తెలియకుండానే ఆ రోడ్డు కట్టేవాళ్లు!"

నా గొంతు బయటి గదిలోకి కూడా వినబడిందని తర్వాత తెలిసింది. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం వస్తే ఆయన చేసే పని అదే.

"సరే. మళ్లీ కొలవల్ల అంటావు. ఎవరు పెడతారు కోలను గడప మింద? ఆయన పెట్టడు. నేను చెప్పినా పెట్టడు. నువ్వు పెడతావా?"

"పెడతాను" అన్నాను, ఉడుకుతో.

సార్ నన్ను చూశాడు, తన గది వాకిలి వైపు చూశాడు. ఆ గడపకు కూడా పసుపే, మామిడాకుల తోరణమే. ప్రతి శుక్రవారం వాళ్లావిడే వచ్చి పూసిపోతుంది. ఆయన దాన్ని ఏనాడూ తొక్కగా నేను చూడలేదు. ఆలస్యంగా వచ్చి పరిగెత్తే రోజు కూడా దాటుకునే పోతాడు. పైవాళ్లకు ఫోను చేసి, సర్వేలో తేడా ఉంది, ఇంకొన్ని రోజులు కావాలి అని చెప్పాడు. అవతలివాళ్లు ఏమన్నారో గానీ ఈయన చెవి ఎర్రబడింది. ఫోను పెట్టేసి, "పో, బిరీన పోయి రా. మళ్లీ తప్పయితే నేనే నిన్ను తిన్నె మింద కూర్చోబెడతా" అన్నాడు.

కొలతకు అందరం కలిసి పోయేసరికి అత్త ఊళ్లో గోల మొదలైంది. ఆరోజు శుక్రవారం. "శుక్రవారం గడప మింద ఇనుమా!" అని ఆడవాళ్లు ఒక్కరు కూడా దగ్గరికి రానివ్వలేదు. అది ముందే ఆలోచించనందుకు నా చెంపలు నేనే వేసుకోవాలి. యంత్రం సర్దుకుని వెనక్కి వచ్చాం. ఆ రాత్రి పడుకున్నానో లేదో కూడా తెలియదు. ఆకాశంలో మబ్బు కనబడితే, రేపు వాన పడి కొలత మళ్లీ ఆగిపోతుందేమోనని లేచి లేచి చూశాను.

శనివారం మళ్లీ పోయాం. మొదట అత్త ఇల్లే. యంత్రం రోడ్డుకు అవతల నిలబెట్టారు. కోల మనిషి కోలను నా చేతికి ఇచ్చి, చేతులు కట్టుకుని, దూరంగా నిలబడ్డాడు. "మీరు పెడతానన్నారంట కదమ్మా" అన్నాడు. అందులో వెటకారం ఉందో లేదో నాకు తెలియలేదు. వీధిలో జనం చేరారు.

పసుపు నిగనిగలాడుతున్న గడప. బియ్యప్పిండి గీతలు. రెండు చివరలా కుంకుమ. కోల పైకెత్తాను. ఇనుప మొన గడప మీదికి తెచ్చాను. అక్కడితో చెయ్యి ఆగిపోయింది. ఎంత తిట్టుకున్నా దిగదు. సార్ దగ్గర అంత గట్టిగా అరిచినదాన్ని, నలుగురి ముందూ కోల గాల్లో పట్టుకుని నిలబడిపోయాను. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

"ఇటియ్యి" అంది అత్త.

కొట్టులోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. కోల మొనను శుభ్రంగా కడిగింది, చీర కొంగుతో తుడిచింది. గిన్నెలో పసుపు తడిపి మొనకు పూసి, పైన కుంకం బొట్టు పెట్టింది. ఆయుధ పూజకు బండికి చేసినట్టే చేసింది. ఆ తర్వాత గడపకు లోపలి వైపు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో కోలను పట్టుకుని, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా గడప మీద దించింది.

"దినామూ కడిగేది నేను, పసుపు పూసేది నేను. నా చెయ్యి తగిలితే దానికి కోపం రాదు" అంది. "బుడగ మధ్యలోకి రావల్ల అంట కదా, సూడప్పా, వచ్చిందా?"

కోల నిటారుగా ఉందో లేదో చూపించే నీటి బుడగ అది. కోల మనిషి దూరం నుంచే మెడ సాచి, "రవ్వంత ఎడమకమ్మా... ఆఁ, వచ్చింది" అన్నాడు. యంత్రం దగ్గర ఉన్నాయన చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఏ ఇంటి గడప మీద ఆ ఇంటి ఆడమనిషే కోల దించింది. అత్త పసుపు గిన్నె పట్టుకుని ముందు నడిచింది, కొట్టు సంగతే మరిచిపోయి. ఒకామె చంకలో బిడ్డతోనే కోల పట్టుకుంది, బిడ్డ అద్దం కావాలని ఏడుపు. ఒక ముసలమ్మ మాత్రం అడ్డం నిలబడి, "ఈ కోల శ్మశానం కాడ గూడా పెట్టినారా?" అని నిలదీసింది. రోడ్డు శ్మశానం పక్క నుంచే పోతుంది. "అబ్బెబ్బే, అది వేరే కోలమ్మా" అన్నాడు కోల మనిషి, కళ్లు కూడా ఆర్పకుండా. ఒట్టు మాత్రం వేయలేదు. మిగతా ఊళ్లలో ఏం చేయాలని నేను తల పట్టుకుంటే, అత్త ఒక ఊళ్లో తన వియ్యపురాలికి, ఇంకో ఊళ్లో చీటీల ఆమెకు ఫోన్లు చేసి, మేం పోయేసరికి పసుపు గిన్నెలు సిద్ధంగా ఉండేట్టు చేసింది.

కొత్త చుక్కలు వచ్చాయి. గడపలన్నీ తెర మీద ఒక్కసారిగా కిందికి జారిపోయాయి. అత్త గడప వీధి మొత్తంలోకీ పల్లం. ఆమె ఇల్లుండే ఎడమ వైపు ఇళ్లన్నీ పాతవి, పల్లంలో ఉన్నాయి. కుడి వైపువి కొత్తగా కట్టిన మేడలు, బాగా ఎత్తులో ఉన్నాయి. రోడ్డంతా ఒకే లెక్కన దించితే మేడల వాళ్లకు దిగేదానికి నిచ్చెన కావాలి. దించకపోతే అత్త గతి అంతే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు రెండు అంచులకూ వేరు వేరు గురులు పెట్టాను. కుడి అంచు మేడల గడపలను చూసుకుని పైనే పోవాలి, ఎడమ అంచు పాత ఇళ్ల గడపలను చూసుకుని కిందికి దిగాలి. రోడ్డు ఊళ్లో ఒకే వైపుకు వాలుతుంది, నీళ్లన్నీ ఎడమ కాలవలో పడి పోతాయి. ఎడమ వైపు పాత తారు పొరలన్నీ పెళ్లగించాలి. వాలు ఎక్కువైతే బండ్లు పక్కకు లాగుతాయి, తక్కువైతే గడప మునుగుతుంది. కొంచెం దించి, మోడల్ కట్టి, కోసి చూసి, మళ్లీ కొంచెం దించి. గోళ్లు కొరికి కొరికి వేళ్లు మంట పుట్టాయి. చివరికి అత్త గడప కింద బెత్తెడు దక్కింది. జానెడు కాదు, బెత్తెడే. అంతకంటే దించితే ఊరి చివర తూములోకి కాలవ నీళ్లు పారవు.

సార్ చూసి, "తారు తీయల్ల అంటే పైవాళ్లు గొణుగుతారు" అన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "గొణగనీ" అన్నాడు.

ఇల్లలకగానే పండగ కాదు కదా! కాగితం మీద బెత్తెడు ఉంటే నేల మీద ఉంటుందా? పని మొదలైన తర్వాత ఏదో ఒక వంక పెట్టుకుని ఆ రోడ్డు మీద పోతూనే ఉన్నాను. తారు పెళ్లగించే యంత్రం అత్త ఇంటి ముందు ఆగితే నా ప్రాణం ఆగేది. "ఎన్ని తూర్లు వస్తావుమే? నీ కంప్యూటర్ మింద నీకే నమ్మకం లేదా?" అని అత్త ఎగతాళి చేసేది. లేదు. ఒకసారి అది తిన్నెను చూపించి గడప అని చెప్పింది నాకు.

రోడ్డు పూర్తయింది. చెన్నై వైపు వాయుగుండం పట్టిందని, మన జిల్లాకు కూడా పెద్ద వానలని టీవీలో చెప్పారు. పట్టుకుంది వాన. తెల్లారేసరికి తిరుపతి వీధులన్నీ ఏర్లయ్యాయి. అమ్మ వద్దంటున్నా వినకుండా రెయిన్‌కోటు తగిలించుకుని బండి తీశాను. అత్తకు ఫోను చేస్తే తీయలేదు. ఎందుకు తీయలేదు? నీళ్లు ఎత్తి పోసుకుంటోందా? పిండి కొట్టుకుపోయిందా? బెత్తెడు, ఉత్త బెత్తెడు. ఎందుకు పెట్టాను అంత తక్కువ? దారిలో ప్రతి మలుపులోనూ నన్ను నేనే తిట్టుకున్నాను.

ఊళ్లోకి వచ్చేసరికి రోడ్డు మీద నీళ్లు జారుతున్నాయి, కళ్లద్దాల మీద వాన, ఏదీ సరిగా కనబడటం లేదు. బండిని స్టాండ్ కూడా వేయకుండా గోడకు ఆనించి, కాలవ మీద పరిచిన బండలు దాటి, కొట్టులోకి పరిగెత్తాను. తల వంచాను. కాలు కిందికి వేశాను.

కాలు కిందికి పోలేదు. బొటనవేలు గడపకు ఠక్కున కొట్టుకుంది. ప్రాణం పోయినంత నొప్పి. వాకిలి పట్టుకుని పడబోయి నిలదొక్కుకున్నాను.

"ఓసి నీ పాసుగూల! గడపను తన్నినావు కదే!" అని అత్త పెనం దగ్గర నుంచి కేక పెట్టింది. "పొద్దున్నుంచి వచ్చినోళ్లందురూ ఇదే పని. ఒక్కరు గూడా కాలెత్తేది లేదు. ముందు కళ్లకద్దుకో."

తిన్నె మీద తడుస్తూ కూర్చున్న పాల వ్యాను డ్రైవరు తన బొటనవేలు పట్టుకుని నన్ను చూసి నవ్వాడు. నా వెనక కాలవలో నీళ్లు హోరుమని పోతున్నాయి. నేను వంగి గడపను తాకి, వేళ్లు కళ్లకు అద్దుకున్నాను. ఒళ్లంతా తడిసి ముద్దయి ఉన్నాను గానీ, గడప మీది పసుపు మాత్రం పొడిగా ఉంది.